కొట్టివేత

గవర్నరుపేటలో మా అచ్చాఫీసుకి కిటికీ ఒక్కటే.
అదీ రైవస్ కాలువ వైపు.
మే నెలలో తెరిస్తే పొయ్యి మూత తీసినట్టే.

తిరగబడ్డ అక్షరాల్ని చదవడం నా బతుకు.
ఇంట్లో కుడినుంచి ఎడమకి, బళ్ళో ఎడమనుంచి కుడికి
నేర్చినవాణ్ణి,
"అందుకే నీకు సీసం తొందరగా లొంగిందిరా ఖాసిం"
అనేవాడు ఫోర్మన్.
సీసమంటే పండితులకి పద్యం.
నాకు, గోళ్ళకింద నలుపు.

ఆ ఏడు చిదంబరం వచ్చాడు.
భుజాలదాకా జుట్టు, జేబులో పదిహేడు రూపాయలు,
మిగతాది పుస్తకాలు అమ్మాక.
అరవై నాలుగు పేజీలు, అన్నిట్లోనూ ఒక్కతే అమ్మాయి.
ఆమెకి పేరు లేదు, ఊరు లేదు,
వెన్నెట్లో రావడం, తెల్లారకముందే పోవడం.
"ఎవరండీ ఈవిడ?" ప్రూఫు ఇస్తూ అడిగాను.
"ఎవరూ కాదు."
అని, కాలువమీద పోతున్న గడ్డిపడవకేసి
చాలాసేపు చూశాడు.

నాలుగువందల ప్రతులు వేశాం. ముప్పైఒకటి అమ్ముడుపోయాయి.

నెల తిరక్కుండా గుంటూరు బండిలో దిగింది
కాజ నృసింహావధానులు గారి విమర్శ,
మేం అచ్చేసే మాసపత్రిక్కే.
బండి ఱ ఎక్కడ? యతి ఏ గోతిలో పడింది?
నాయిక పద్మినియా, శంఖినియా, కవి తేల్చడేమి?
"వెన్నెలకు వాసన కలదఁట! ఏ ముక్కుతోఁ జూచెనో!"
"జుట్టు పెంచినవాఁడెల్లఁ గవియైనచోఁ
దిరుపతి మ్రొక్కులవారందఱు మహాకవులే!"
అబద్ధమెందుకు, ఆఫీసంతా నవ్వాం.
ఇంకు రోలరు పట్టుకున్న వీరాస్వామి
నవ్వి నవ్వి ఒక ఫారం పాడుచేశాడు.

ఆ ఒక్క వ్యాసానికే
మా గళ్ళలో అరసున్నలన్నీ అయిపోయాయి.
చివరి పేజీలకి
నిండు సున్నాల్ని ఆకురాయితో రాసి సగం చేశాం.

కానీ తిట్టాలంటే చూపించాలి కదా.
అవధాన్లుగారు పద్దెనిమిది పద్యాలు
పూర్తిగా, పొల్లుపోకుండా దించారు.
పత్రికకి చందాదారులు పన్నెండువందలు.
తర్వాతి వారం తెనాలి బండిలో
మీసం సరిగా రాని కుర్రాడొకడు
తలుపు దగ్గర నిలబడి వల్లిస్తున్నాడు,
వెన్నెల వాసన, పేరులేని అమ్మాయి,
పుస్తకంలో వరస కాదది,
అవధాన్లుగారు తప్పులు పట్టిన వరస.

ఇంకొకటుంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

రాతప్రతిలో పధ్నాలుగో కాగితం.
అవధాన్లుగారి చేతిరాతలో కొట్టివేతలుండవు,
మల్లెపూలు గుచ్చినట్టుంటుంది.
అక్కడ మాత్రం నాలుగు గీతలు అడ్డంగా,
పాళీ కాగితాన్ని చీల్చేంత.
కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి
వెలుగుకి ఎత్తి, వెనకనుంచి,
నాకు అలవాటైన దిక్కునుంచి చదివాను.

"ఈ పద్యము చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు."

దాని కింద, ఏ గీతా లేకుండా:
"ఈ పద్యమున దోషములు మూఁడు."

కొట్టేసింది కూర్చకూడదు. అది అచ్చాఫీసు ధర్మం.
దోషాలు మూడూ కూర్చాను.

చిదంబరం వచ్చి, పత్రిక నిలబడే చదివాడు.
"ప్రతులేం చేద్దామండీ?" అడిగాను.
పట్నంబజారు మిరపకాయల కొట్టుకి
తూకానికి వేసెయ్యమన్నాడు.
నా నోటిదాకా వచ్చింది ఆ వాక్యం.
ఫోర్మన్ పిలిచాడు. వెళ్ళాను.
దసరాకి కనపడ్డాడు,
జుట్టు కత్తిరించుకుని, తాలూకాఫీసు మెట్లమీద
ఫైళ్ళతో.

వ్యాసం అచ్చుకెళ్ళిన రాత్రే, అందరూ పోయాక,
ఆ ఒక్క వాక్యం కూర్చాను.
ఇంకు పులమలేదు.
గుడ్డివాడిలా వేలితో తడిమాను,
నిద్ర దగ్గర ఒత్తు కాస్త అరిగింది.
తర్వాత ఏ అక్షరాన్ని దాని గదిలో వేసేశాను.

మర్నాడు వాటితోనే
మిరప ధరల పట్టీ కూర్చాం.